నల్లాకు పీపీ కట్టిన మా అక్క

మా చిన్నప్పుడు... లింగంపల్లిలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఏ వేళకు వస్తాయో ఆ దేవుడికే తెలియాలి! ఇంటి ముందు గుంతలో నల్లా... పక్కన బిందెలు, గంగాళం పెట్టుకుని ఎవరో ఒకరు కాపలా కూర్చోవాల్సిందే. కాసేపటికే ఆగిపోయేవి మరి.

అమ్మ మాదాపూర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న ఆఫీసుల్లో ఒకదాని క్యాంటీన్‌లో చపాతీలు చేసేది. నాన్న ఆటో నడిపేవాడు. నేను మరీ చిన్నదాన్ని. అందుకే నల్లా రోజున బడి మానేసేది మా అక్కే. అదీ పదో తరగతిలో!

ఒకరోజు సార్ తెగేసి చెప్పారట... హాజరు ఇలాగే ఉంటే పరీక్ష రాయనివ్వరని. అక్క ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. అమ్మ కొంగుతో దాని కళ్లు తుడుస్తూ, "నేను పని ఇడిసిపెడితే ఇల్లెట్ల గడుస్తది బిడ్డా?" అంది.

నల్లా దగ్గర కాపలా కాసినవాళ్లకు ఒక సంగతి తెలుసు... నీళ్లకంటే ముందు గాలి వస్తుంది, బుస్సుమని! అక్క ఆ గాలినే పట్టుకుంది. జాతరలో నాకు కొన్న ప్లాస్టిక్ పీపీ లాక్కుని, సైకిల్ ట్యూబు ముక్కతో నల్లా మూతికి బిగించి కట్టింది. మా గల్లీ గోడకు అవతలే బడి. పీపీ మోగితే తరగతిలోకి వినబడుతుందని దాని ఆలోచన. నా పీపీ కోసం నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

మొదటిసారి మోగడమైతే మోగింది... కానీ పీపీ అడ్డుపడి నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి. అక్క ఉరికొచ్చి ఆ ముడి విప్పేసరికి నల్లా బంద్! సాయంత్రం వంటకు నీళ్లు లేవు. "నీ సైన్సుల మన్నువొయ్య! ఇగ చాలు తియ్" అని అమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

అక్క మొండిది. ఈసారి ముడి లేకుండా, ట్యూబును వదులుగా తొడిగింది. గాలికి పీపీ మోగాలి... వెనకే వచ్చే నీళ్ల తోపుకు దానంతట అదే ఊడిపడాలి. కింద గంగాళం.

లెక్కల క్లాసు నడుస్తుండగా మోగిందట... పీఁ... మని! అక్క లేచి నిలబడింది. మా గల్లీ పిల్లలందరూ లేచారు, వాళ్లకూ అదే వేళకు నీళ్లు కదా!

సార్ బిత్తరపోయి, "ఏందే అది?" అన్నారు.

"నల్లా సార్... గాలికి మోగుతది. నీళ్లు పట్టి మల్ల వస్త సార్."

"ఉరుకుండ్రి! వచ్చినంక అదెట్ల మోగిందో బోర్డు మీద చెప్పాలె నువ్వు."

వాళ్లు ఉరికొచ్చేసరికి పీపీ ఊడి గంగాళంలో తేలుతోంది... ఇక నీళ్ల కోసం బడి మానాల్సిన పని పడలేదు. అక్క ఆ ఏడు పరీక్ష రాసింది... పాసైంది కూడా. ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు మేముండేది గచ్చిబౌలిలో, అపార్ట్‌మెంట్లో. మొన్న మా అమ్మాయికి స్కూల్లో సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు. ఆర్డర్ పెడితే, టీ తాగేలోపు డబ్బా వచ్చేసింది. వైర్లు, మోటారు, ఏది ఎక్కడ బిగించాలో బొమ్మలతో సహా.

"ఇంతకీ ఇది ఏ కష్టం తీర్చడానికే?" అని అడిగాను.

డబ్బా తిప్పి చూసి చెప్పింది... "అది కూడా ఇందులోనే రాసిచ్చారమ్మా!"

ఆ నీళ్ల కష్టాలు మళ్లీ రావాలని కోరుకోను. కానీ తన కష్టానికి తన చేత్తోనే దారి వెతుక్కున్న రోజు అక్క ముఖం ఎలా వెలిగిందో... అలా మా పిల్ల ముఖం వెలగడం ఒక్కసారైనా చూడాలనుంది.

మీ ఇళ్లలో ఎవరు, ఏ ఇబ్బందికి, ఏం కనిపెట్టారు? కింద రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.