గాల్లో బిగించిన బోల్టులు

ఆయన్ని వీధిలో అందరూ రెండువైపులాయన అంటారు. జిరాక్సు షాపు ఆయనది. ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా ముందు, "రెండు వైపులా తీసెయ్యనా? కాగితం కలిసొస్తుంది" అంటాడు. కారు విషయంలోనూ అదే తంతు. సిగ్నలు పడితే చాలు, పెట్రోలు దండగని ఇంజను ఆపేస్తాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టినా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

అలాంటి మనిషికి ఇప్పుడు పీకల మీదికొచ్చింది. తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. నొప్పికి ఆవిడ కంటి మీద కునుకు లేదు. రేపు ఆస్పత్రి నుంచి పంపించేస్తామని, దారిలో కుదుపు తగలకూడదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఈయన కారేమో చిన్న గుంతలో పడినా ముందు చక్రాల దగ్గర దడేలుమంటుంది. పోనీ టాక్సీ మాట్లాడదామంటే, రోజు విడిచి రోజు వ్యాయామం చేయించడానికి తీసుకెళ్ళాలి. ఒక్కరోజుతో తీరేది కాదు.

మెకానిక్కు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "చక్రాల దగ్గరున్నవి మొత్తం మార్చెయ్యాలి సార్, షాకబ్జర్లతో సహా" అన్నాడు. రెండువైపులాయనకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే బానెట్ మూల మీద బలమంతా పెట్టి నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి పైకి లేచి కుదురుగా నిలబడింది.

"ఊగలేదుగా? షాకబ్జర్లు లక్షణంగా ఉన్నాయి. బాగున్నవాటిని పీకడం దేనికయ్యా?" అని బండి ఇంటికి తెచ్చేశాడు.

చక్రం ఎత్తి, ఇనప కడ్డీతో ఎగదోసి చూస్తే జబ్బు బయటపడింది. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లో కుదుపుని మింగే రబ్బరు బుష్‌లు పిప్పి పిప్పి అయిపోయాయి. ఆర్మ్ ఇనుము మాత్రం గట్టిగానే ఉంది. ఉత్త బుష్‌లు వేస్తే సరిపోతుంది, కాకపోతే రెండు వైపులా వెయ్యాలి. ఈ ఒక్క విషయంలో వీధి పెట్టిన పేరు పనికొచ్చింది.

బుష్‌లు కొనుక్కొచ్చి బావమరిదికి కబురు పెట్టాడు. బావమరిదికి తెలియని విషయం లోకంలో లేదు, చేతనైన పనే లేదు. పాత బుష్‌లు ఊడిరామని మొండికేశాయి. "వేడి చెయ్యి బావా", "కాస్త నూనె పొయ్యి బావా", "నేనైతే అలా పట్టుకోను బావా" అంటాడే గానీ వాడు స్టూలు మీంచి లేస్తే ఒట్టు.

"నువ్వైతే ఎలా పట్టుకుంటావో వచ్చి చూపించరా" అంటే నడుం పట్టేసిందన్నాడు.

మొత్తానికి చెమటలు కక్కుకుంటూ కొత్తవి ఎక్కించి, జాకీ మీద ఉన్న కారుకి బోల్టులన్నీ బిగించి కిందికి దించాడు. కారు ముక్కు పైకెత్తుకుని నిలబడింది. వీధి చివరిదాకా వెళ్ళొస్తే దడేలుమనడం పోయింది గానీ, కిర్రుమని కొత్త మూలుగు మొదలైంది. ప్రతి గతుకూ తిన్నగా వెన్నులోకి దిగుతోంది. రెండువైపులాయన పానా నేలకేసి కొట్టాడు.

"నాసిరకం అంటగట్టారు బావా. నా కారుకీ ఇదే గోల. మూడుసార్లు మార్చాను" అన్నాడు బావమరిది.

"మూడుసార్లూ ఒకే షాపులో కొన్నావా?"

"లేదు, మూడు షాపుల్లో."

మూడు షాపులవాళ్ళూ కూడబలుక్కుని మోసం చెయ్యరు కదా. రెండువైపులాయన వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఎలా బిగించావు?"

"ఇలాగే, జాకీ మీద."

అప్పుడు వెలిగింది ఆయనకి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అలాగే పట్టుకుపోతుంది. కిందికి దించి బరువు పడగానే మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రబ్బరు మూలగక ఏం చేస్తుంది?

"మూడుసార్లలో ఒక్కసారైనా తట్టలేదురా నీకు?"

"షాపువాణ్ణి తిట్టి ఊరుకున్నాను బావా."

మళ్ళీ మొదటికొచ్చింది పని. మందపాటి చెక్కల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, భార్యనీ బావమరిదినీ ముందు సీట్లలో కూర్చోమన్నాడు.

"నేనెందుకండీ?" అంది ఆవిడ.

"బరువుకి."

ఆవిడ చూసిన చూపుకి గబుక్కున కారు కిందికి దూరాడు. బోల్టులు వదులు చెయ్యగానే కారు మెల్లగా కుంగి సర్దుకుంది. అలా కుంగి ఉండగానే మళ్ళీ బిగించాడు. "కదలకండి" అని కింద నుంచి అరిస్తే, "కదిలేది వీడండీ, నేను కాదు" అంది భార్య.

మర్నాడు బావాబావమరుదులు ఆస్పత్రికెళ్ళి, తల్లిని వెనక సీట్లో దిండ్ల మధ్య కూర్చోబెట్టారు.

"ఆ డబ్బా కారే తెచ్చావట్రా?" అంటూ ఆవిడ తలుపు మీది పిడిని రెండు చేతులా పట్టుకుంది.

దారి పొడుగునా రెండువైపులాయన గతుకు గతుక్కీ బండి నెమ్మది చేశాడు. వీళ్ళ వీధి మొదట్లో, గొట్టాలకోసం తవ్వి సరిగా పూడ్చని గొయ్యి ఒకటుంది. అక్కడికొచ్చేసరికి ఆవిడ ప్రతిసారీ "చచ్చాన్రా" అనేది. చక్రాలు గోతిలో దిగాయి, లేచాయి. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు.

భయం వేసి అద్దంలో చూశాడు. ఆవిడ చేతులు పిడి వదిలేసి ఒళ్ళో పడి ఉన్నాయి. నోరు కాస్త తెరుచుకుని, తల దిండు మీదికి వాల్చి నిద్రపోతోంది.

ఇల్లొచ్చింది. రెండువైపులాయన బండి ఆపలేదు.

"బావా, ఇల్లు దాటిపోయాం. పెట్రోలు దండగ కదా" అన్నాడు బావమరిది.

"నోరు మూసుకుని కూర్చోరా" అని గొంతు తగ్గించి కసిరి, ఆయన కారుని మళ్ళీ పెద్దరోడ్డు వైపు తిప్పాడు.