పాయ దాటిన కేబుల్

మా విజయవాడ అపార్ట్‌మెంట్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్లున్నాయి. కేబుల్ కనెక్షన్ చివరిదాకా ఉంచుకున్నది నేనొక్కదాన్నే. మొన్న డిసెంబరులో నేనూ తీయించేశాను. పెట్టె పట్టుకెళ్ళడానికి వచ్చిన కేబులతను తీగ చుట్టుకుంటూ, "మీరందరూ తీసేస్తున్నారు గానీ మేడం, కోనసీమలో మా సుగుణ పిన్నిగారు కొత్తవి ఇస్తూనే ఉన్నారు. అదీ లంకలో. పడవ మీద వెళ్ళి మరీ ఇస్తారు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైనదాన్ని. పట్నంలో ఎండిపోతున్నది నది మధ్య లంకలో ఎలా చిగురిస్తోందో చూడాలనిపించింది. అతని దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేస్తే, అవతలనుంచి ఆవిడ, "ఆయ్, రండి. కాకపోతే శుక్రవారం నాడు రండి. ఆ రోజు మా లంకలో ఒక ముఖ్యమైన పనుందండి" అన్నారు.

ఫిబ్రవరి రెండో వారం. విజయవాడ బస్టాండులో ఉదయం అయిదింటికి అమలాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కొత్తపేట దాకా టికెట్ రెండు వందల చిల్లర. తణుకు దాటేసరికి బాగా తెల్లారింది. రావులపాలెంలో పది నిమిషాలు ఆపితే రెండు ఇడ్లీ, ఒక కాఫీ ముప్ఫై అయిదు రూపాయలకి వచ్చాయి. అక్కడి నుంచి బస్సు కాలవగట్టు పట్టింది. ఇటు కొబ్బరి, అటు అరటి. పలివెల దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, నేను ఎవరింటికి వెళుతున్నానో అడిగి తెలుసుకుని, "కేబుల్ సుగుణ గారింటికాండీ? మా కొప్పులింగేశ్వరుడి కల్యాణం వాళ్ళ ఛానల్లోనే చూసేనండి మొన్నేడు, మోకాళ్ళ నొప్పులొచ్చి కదలేకపోతే" అన్నాడు. కొత్తపేటలో దిగేసరికి ఎనిమిదీ నలభై. వాళ్ళ ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. షేర్ ఆటోలో ఇరవై రూపాయలు.

సుగుణ గారికి యాభై రెండేళ్ళుంటాయి. నేత చీర, కాళ్ళకి కాన్వాస్ బూట్లు, భుజాన పనిముట్ల సంచి. ఇంటి ముందు గదే కంట్రోల్ రూమ్. లోపల ఏసీ చల్లదనంలో వరసగా పచ్చదీపాలు మిణుకుమంటున్నాయి. వాటి ముందు కుర్చీలో ఆవిడ భర్త ప్రకాశరావు గారు నడుముకి పట్టీ బిగించుకుని కూర్చున్నారు. నాలుగేళ్ళ క్రితం స్తంభం మీద నుంచి పడ్డారట. అప్పటి నుంచి ఆ గది దాటి పెద్దగా వెళ్ళరు. స్తంభాలెక్కడం సుగుణ గారు నేర్చుకున్నారు.

కాఫీ తాగుతూ ఆయన ఆ ప్రాంతపు పటాన్ని మాటల్లోనే గీసి చూపించారు. "మొదట్లో ఒక్క డిష్షూ, చుట్టూ ఆరిళ్ళూనండి. సాయంత్రమైతే ఆరిళ్ళ అరుగులూ నిండిపోయేవి. తరవాత ఊరంతా. తరవాత పక్కూళ్ళు. ఇప్పుడు చూడండి, అమలాపురంలో కుర్రకారంతా ఫోన్లకెళ్ళిపోయేరు. రాజోలు వైపు చాలా ఇళ్ళ మీద కంపెనీల డిష్ గొడుగులొచ్చేసేయి. అంబాజీపేటలో కొబ్బరి కొట్లవాళ్ళు వదల్లేదు, దుకాణంలో టీవీ వాగుతూ ఉండాలి వాళ్ళకి. ఓడలరేవు దగ్గర మా స్నేహితుడికి కనెక్షన్లున్నాయి గానీ ఉప్పుగాలికి జాయింట్లు ఆరు నెల్లకోసారి తుప్పట్టిపోతాయి. పెరిగేది ఎక్కడయ్యా అంటే, ఇదిగో, ఈ లంకల్లో."

"లంకల్లోనే ఎందుకండీ?" అన్నాను.

సుగుణ గారు నవ్వారు. "గాలివానకి గొడుగు తిరిగిపోయిందనుకోండి, కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాది. నాకు చేస్తే నేను పడవెక్కుతానండి. పైగా ఇప్పుడు అదే తీగలో ఇంటర్నెట్టు కూడా ఇస్తన్నాం. ఫోన్ సిగ్నలు లంకలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. గోదారి పెరిగితే ఏ రేవులో పడవ ఆపేసేరో మా లోకల్ ఛానల్లోనే వేస్తాం."

రేవుకి చేరేసరికి పది దాటింది. ఇంజన్ పడవలో మనిషికి పదిహేను రూపాయలు, బండికైతే నలభై. ఇక్కడ గోదావరి పాయ పెద్ద వెడల్పేమీ కాదు, దాటడానికి ఏడెనిమిది నిమిషాలు. తల ఎత్తితే, ఇటు ఒడ్డున ఇనుప స్తంభం నుంచి అటు ఒడ్డు స్తంభం దాకా నల్లటి తీగ ఒకటి నీటిమీదుగా సాగింది. రెండేళ్ళ క్రితం పడవలో నిలబడి దాన్ని లాగించింది తానేనని చెప్పేటప్పుడు సుగుణ గారి గొంతులో గర్వం దాగలేదు. అప్పుడే ఆ రోజు పనేమిటో కూడా చెప్పారు.

లంకలో సత్యనారాయణ, వీరవేణి అనే దంపతులున్నారు. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతారు. ఇద్దరికీ పుట్టు చెవుడు. చిన్నప్పుడు బధిరుల బడిలో ఒకే తరగతిలో చదువుకున్నారు. వాళ్ళమ్మాయి దివ్యకి వినపడుతుంది. మాటకన్నా ముందు సైగలు నేర్చిన పిల్ల. ఆ భాషలోనే పై చదువు చదివి, హైదరాబాదులో ఒక చిన్న ఛానల్లో ఉద్యోగం తెచ్చుకుంది. వార్తలు చదువుతుంటే తెర మూల చిన్న డబ్బాలో ఒకరు నిలబడి చేతులతో చెబుతారు కదా, ఆ పని. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు ఆమె మొదటి ప్రసారం.

"ఆ ఛానలు గొడుగుల్లో రాదండి" అన్నారు సుగుణ గారు. "ఫోన్లో వస్తాది గానీ, ఆ డబ్బా గోరంత కనపడతాది. వేళ్ళు కనపడకపోతే వాళ్ళకి అర్థం అవదు కదండీ. అందుకని మొన్ననే మా ఇంట్లో ఉన్న పెద్ద టీవీ తెచ్చి వాళ్ళింట్లో పెట్టేను."

నిజం చెప్పాలంటే ఆ మూల డబ్బాని నేనెప్పుడూ సరిగ్గా చూసిందే లేదు. పడవలో తల దించుకున్నాను.

వాళ్ళింటికి చేరేసరికి పెరట్లో పీచు ఆరబోసి ఉంది. వీరవేణి గారు నన్ను చూసి రెండు చేతులూ జోడించి, తరవాత అరచేతిని నోటి దగ్గరికి తీసుకెళ్ళి భోజనం చేయాలన్నట్టు సైగ చేశారు. సుగుణ గారు చేతులతో ఏదో బదులిచ్చారు. ఆ ఇంటికి వచ్చిపోతూ కొన్ని సైగలు నేర్చుకున్నారట. ఛానల్ పెట్టి చూశాం, బొమ్మ శుభ్రంగా వస్తోంది. సత్యనారాయణ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పటికే టీవీ ఎదురుగా కూర్చున్నారు. గోడ గడియారంలో పదకొండున్నర.

పది నిమిషాలు గడిచాయో లేదో, తెర నీలం రంగుకి మారి 'సిగ్నల్ లేదు' అని వచ్చింది.

సుగుణ గారు సంచి అందుకుని పరుగులాంటి నడకతో ఒడ్డుకి బయల్దేరారు. నేనూ వెనకే వెళ్ళాను. ఒడ్డున స్తంభం పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. చెట్టు దిగిన సూర్రావు అనే మనిషి తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను నరికిన గెల గాలికి పక్కకి వాలి సరిగ్గా తీగ మీద పడింది. కేబుల్ రెండు ముక్కలై ఒక కొస ఇసకలో, ఇంకోటి స్తంభానికి వేలాడుతూ ఉంది.

"నా చేతుల్లోనే జరిగిపోయిందండీ అప్పగారూ. దివ్యమ్మ కోసమని తొందరగా దింపేసి నేనూ చూద్దారనుకున్నానండీ" అన్నాడతను ఏడుపు గొంతుతో.

"ఏడిస్తే అతుక్కోదు కదా సూర్రావు, ఉండు" అని సుగుణ గారు ఫోన్ తీశారు. ఇది పాత రాగితీగ కాదు, లోపల వెంట్రుకంత గాజుపోగులుంటాయి. వాటిని కరిగించి అతికించే మిషన్ ఇంట్లో ఉండిపోయింది. "ఏవండీ, ఒడ్డున తెగిపోయింది. అతికే మిషను ఆటోలో పెట్టి రేవుకి పంపండి. పడవాయనకి ఇస్తే తెచ్చేస్తాడు. మీరు మాత్రం కదలకండి" అన్నారు.

మిషన్ వచ్చేలోగా ఆవిడ పని మొదలుపెట్టారు. స్తంభానికి చుట్టి ఉంచిన అదనపు తీగని విప్పి, కొసలు ఒలిచి సిద్ధం చేశారు. సూర్రావు చెట్లెక్కే మోకుతాడుతో స్తంభమెక్కి వేలాడేదాన్ని కిందకి అందించాడు. ఆవిడ మాటిమాటికీ అవతలి ఒడ్డు చూస్తున్నారు. నేనైతే ప్రతి నిమిషం వాచీ చూసుకున్నాను. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం అంత ఆదుర్దా పడతానని అనుకోలేదు.

పన్నెండూ ఇరవైకి పడవ కనపడింది. అందులో, బల్ల మీద మిషన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ప్రకాశరావు గారు.

"మిమ్మల్ని రావద్దన్నానా లేదా! పడవ కుదుపుకి నడుం ఏమవుతాది?" సుగుణ గారు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయి అరిచారు. అరుస్తూనే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు స్తంభాలెక్కుతావు గానీ సుగుణా, పోగులు అతికేటప్పుడు నీ చెయ్యి వణుకుతాది. ఇవాళ ఒక్కసారికే అతకాలి" అన్నారాయన మెల్లగా. నాలుగేళ్ళలో ఆయన లంకలో కాలు పెట్టడం అదే మొదటిసారి. నిలబడలేక, బోర్లించిన బుట్ట మీద కూర్చున్నారు. ఎండ పడకుండా సూర్రావు తాటాకు పట్టుకున్నాడు, ఇసక ఎగిరి పడకుండా నేను నా చున్నీ అడ్డుపెట్టాను. ఆయన వేళ్ళు పోగుని తుడిచి, కోసి, మిషన్లో పెట్టిన తీరు చూస్తే ముత్యాలు గుచ్చే మనిషి గుర్తొచ్చాడు. ఒక పోగు, రెండో పోగు, మూడో పోగు. నాలుగోదానికి మిషన్ వద్దని కూసింది. ఆయన విసుక్కోలేదు. మళ్ళీ తుడిచి, మళ్ళీ కోసి, మళ్ళీ పెట్టారు. అతికింది. సుగుణ గారు జాయింట్ పెట్టె మూసి స్తంభమెక్కి బిగించి దిగేసరికి పన్నెండూ యాభై రెండు.

ఆయన్ని సూర్రావు బండి మీద కూర్చోబెట్టి, మిగతావాళ్ళం నడిచి వెళ్ళాం. ఇంట్లో తెర వెలిగి ఉంది. వాకిట్లో ఇరుగుపొరుగు పాతికమంది దాకా చేరారు. ఒంటిగంటకి వార్తలు మొదలయ్యాయి. మూల డబ్బాలో నల్ల చొక్కాతో ఒక పిల్ల. వీరవేణి గారి కళ్ళే.

ఆ ఇంట్లో టీవీకి శబ్దం సున్నా మీదే ఉంది. ఎవరో "కాస్త సౌండు పెట్టండమ్మా" అన్నారు. సుగుణ గారు రిమోట్ అందుకోబోతే ప్రకాశరావు గారు, "ఉండనీ. ఇవాళ మనకి తెలీకపోతే వాళ్ళనే అడుగుదాం" అన్నారు. పాతికమందిమీ నిశ్శబ్దంగా ఆ చేతులనే చూశాం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సత్యనారాయణ గారు మాత్రం తల ఊపుతూ, మధ్యమధ్య పెదవి విరుస్తూ, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వార్తలు చూసినట్టే చూస్తున్నారు. అలా చూడటం ఆయనకి జీవితంలో మొదటిసారని తరవాత తెలిసింది.

కాసేపటికి దివ్య ఒక సైగ చేసి, వెంటనే మూడు వేళ్ళు నుదుటికి ఆనించి తీసింది. వీరవేణి గారు తొడ మీద చరుచుకుని పెద్దగా నవ్వారు. అంత పెద్ద నవ్వు ఆవిడకి వినపడదు, మేమందరం ఆవిడ వైపు తిరిగాం. అది వాళ్ళింటి సైగట. కొబ్బరికాయకి మూడు కళ్ళు. చిన్నప్పుడు తల్లి నేర్పింది. బడిలో నేర్పే సైగ చేశాక, ఇంట్లో వాళ్ళ కోసం ఇదీ కలిపింది.

"ఏమంటందండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. సత్యనారాయణ గారు లేచి మా వైపు తిరిగారు. నుదుటికి మూడు వేళ్ళు ఆనించి, అరచేతిని మెట్టు మెట్టుగా పైకి లేపారు.

"కొబ్బరి రేటు పెరిగిందంటన్నారండీ!" సూర్రావు గట్టిగా అరిచాడు. వాకిలంతా ఒక్కసారి ఘొల్లుమంది. సత్యనారాయణ గారు వేలితో అతన్ని చూపించి, సరిగ్గా చెప్పావన్నట్టు తల ఊపారు. ఆ తరవాత ప్రతి వార్తకీ జనం ఆయన్నే అడిగారు. ఆయన విడమర్చి చెప్పారు. ఆ ఊరికి ఆ పూట వార్తలు చెప్పినవాడు ఆయన.

భోజనం అక్కడే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ములక్కాయ పులుసు. ప్రకాశరావు గారికి వీరవేణి గారు కొసరి కొసరి వడ్డించారు. నడుం నొప్పి ఎలా ఉందని అడిగితే, "రేపు తెలుస్తాదండి" అని నవ్వారాయన.

కేబుల్ పని అయిపోయిందని మా పట్నంలో అందరూ అంటారు, లెక్కల్లో అది నిజమే కావచ్చు. కానీ ఒక తీగ ఎంతమందికి చేరిందన్నది ఒక ప్రశ్న, చేరాల్సిన చివరి ఇంటికి చేరిందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు కంపెనీల దగ్గర ఉంటుంది. రెండోదానికి జవాబు కోసం నీళ్ళలోకి దిగే మనుషులు కావాలి. తాము అతికించిన తీగలో నుంచి ఏ మాట వెళుతుందో ఎంచకుండా, అది ఎవరికి అందకుండా పోతోందో మాత్రమే చూసుకునే ఇద్దరు మనుషుల మధ్య ఒక పగలు గడిపాను. ముప్ఫై ఏళ్ళు పటాల మీద ఊళ్ళు చూపించినా, ఊళ్ళు ఒకదానికొకటి ఎలా కలిసి ఉంటాయో నాకు సరిగ్గా తెలిసింది ఆ ఇసకలోనే.

కోనసీమ లంకలకి వెళ్ళాలనుకునేవారికి ఒక్క మాట: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా చాలా రేవుల్లో పడవ నడవదు, సాయంత్రం ఆఖరి పడవ అయిదున్నరకే. దిగగానే తిరుగు పడవ వేళ పడవాయన్నే అడిగి ఖాయం చేసుకోండి.