చింతగింజల సాళ్లు

మెట్టసేద్యం మీద జర్మనీలో పెద్ద మీటింగు ఉందని, మా తాలూకా నుంచి ఒక ఆడ రైతు వచ్చి మాట్లాడాలని పావగడ వ్యవసాయ ఆఫీసు నుంచి కబురొచ్చినప్పుడు, నేను అడిగిన మొదటి మాట "ఎప్పుడు?" అని. ఆషాఢంలో అన్నారు. మూడు వారాలు పైనే పడుతుంది అన్నారు. అంతే, నా సంబరం సగానికి దిగిపోయింది.

విమానమంటే నాకు భయం లేదు. మాట్లాడటమంటే అసలే లేదు. మైకు ముందు నిలబడితే నన్ను కిందికి దించడమే కష్టమని మా ఊరు మంగళవాడలో అందరికీ తెలుసు. నా భయమంతా ఆషాఢంలోనే వేయాల్సిన వేరుశనగ విత్తనం గురించే.

మాది నాలుగెకరాల ఎర్రనేల. వాన పడితే పదును రెండు మూడు రోజులు నిలుస్తుంది, ఆ లోపలే ఊరంతా విత్తాలి. ఎద్దులు కట్టి విత్తే గొర్రు తోలడానికి మగవాళ్లు ఎవరైనా దొరుకుతారు. గొర్రు వెనకాలే నడుస్తూ, దాని మీదుండే జడ్డిగం అనే కొయ్యగిన్నెలోకి సమంగా గింజలు వదిలే చేయి మాత్రం దొరకదు. మా వైపు అది ఆడవాళ్ల పని. ఆ రోజు ఏ ఇంటి ఆడది ఆ ఇంటి చేలోనే ఉంటుంది. మా అత్తకు చూపు ఆనదు. అప్పటికే రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. ఆ ఏడు పదును చేజారితే మళ్లీ బీడే.

వెళ్లాలనీ ఉంది, విత్తాలనీ ఉంది. రెండింట్లో ఒకటి వదులుకోవడం నా ఒంటికి పడదు. పాస్‌పోర్టు కోసం ఫోటో దిగి వచ్చిన సాయంత్రమే మా ఆయనతో చెప్పేశాను.

"ఈతూరి ఇత్తనం నువ్వే వదలాల."

"నేనా? మగోడు జడ్డిగం కాడ నిలబడితే ఊర్లో నవ్వరా?"

"నవ్వనీ. ఆళ్లు నవ్వితే గింజ మొలిసేది మానుకుంటాదా యేంది?"

మరునాటి నుంచి మా వాకిట్లో బడి మొదలైంది. విత్తనాలు వృథా చేయలేం కాబట్టి చింతగింజలు పోగుచేశాను. పంచెను ఒడిలా కట్టుకుని, గుప్పెడు గింజలు తీసుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే జారుస్తూ నడవాలి. ముందు ఎద్దుల్లా నేను నడిచేదాన్ని. నా చేతిలో ఆఫీసువాళ్లు మా వైపు సర్కారు భాష కన్నడలో రాసిచ్చిన ఉపన్యాసం. నేను అది వల్లెవేస్తుంటే ఆయన వెనకాల గింజలు వదిలేవాడు. వాకిలి చివర చేరి ఇద్దరం వెనక్కి తిరిగి ఎవరి పని ఎలా ఉందో చూసుకునేవాళ్లం.

"ఈడ అయిదు గింజలు ఒగేసోట పడినాయి. ఆడ మూరెడు బోడి. మళ్లా నడువు."

"నువ్వు మాత్రం వాన రాలేదు, వాన రాలేదని అన్నితూర్లు సెప్పల్నా? ఒగతూరి సెప్తే సాలు. ఆళ్లకీ చెవులుండాయి."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. కానీ నిజమే. ఆ వాక్యాలు కొట్టేశాను.

ఒకరోజు ఎదురింటామె గడపలో నిలబడి, "ఏమప్పా, సీర గూడా కట్టుకుంటావా, తెచ్చియ్యల్నా?" అంది. ఆయన ఒడి దులిపేసి బయటికి వెళ్లిపోయాడు. రెండు రోజులు వాకిట్లోకి రాలేదు. నేనూ పంతం పట్టి, జర్మనీ చలికని కొన్న స్వెట్టరు మడతపెట్టి అటక మీద పడేసి, "నేను పోనులే" అన్నాను. నిజంగానే అన్నాను.

మూడో రోజు తెల్లారి ఆయనే ఆ స్వెట్టరు కిందికి దించాడు. "ఇప్పుడు నువ్వు పోకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు. ల్యా, నడువు ముందర," అన్నాడు. ఆ పూట మూడు సాళ్లు దాదాపు సమంగా పడ్డాయి. దాదాపు అంటున్నాను, మొహమాటానికి.

నేను బస్సెక్కే రోజుకు కూడా చినుకు లేదు. ఆకాశం వైపు చూడకుండా ఎక్కి కూర్చున్నాను.

జర్మనీలో రోజూ వానే. ఎవరూ అడగకపోయినా కురుస్తుంది. కడుపు మండిపోయింది నాకు. నా వంతు వచ్చినప్పుడు కాగితం తీసి దిట్టంగా చదివాను. "మా ప్రాంతంలో విత్తనం ఆడదాని చేతి మీదుగానే భూమిలో పడుతుంది" అనే వాక్యం దగ్గర ఆగిపోయాను. అది చదివితే అబద్ధమవుతుంది. "ఈ ఏడు మా ఇంట్లో నా భర్త వదులుతున్నాడు. నేను నేర్పాను," అన్నాను. అనువదించే అమ్మాయి చెప్పగానే హాలంతా చప్పట్లు. వాళ్లకేం, చప్పట్లు కొడతారు. మా ఊళ్లో వాన పడిందో లేదో అప్పటికి నాకు తెలియదు.

ఇరవై రెండో రోజున తిరిగొచ్చాను. మా చేను రోడ్డు పక్కనే. బస్సు కిటికీలోంచి పచ్చగా కనబడగానే, ఊరు ఇంకా మైలుందనగా ఆపమని అరిచి దిగేశాను. నేను వెళ్లిన నాలుగో రోజే వాన పడిందట.

సాళ్లు కాస్త వంకరగానే ఉన్నాయి. అయితే ఎక్కడా బోడి లేదు. వంగి చూస్తే ఒక వింత కనబడింది. బెత్తెడు ఎత్తు మొక్కల మధ్య అక్కడక్కడా ఇప్పుడే కళ్లు తెరిచిన రెండాకుల మొలకలు. ఒకే రోజు వేసిన విత్తనం ఇలా మొలవదు.

గట్టు మీద నిలబడి ఉన్న మా ఆయన దగ్గరికి రాలేదు. "సాళ్లు సూడొద్దు," అన్నాడు.

"ఈ సిన్నవి యాడివి?"

"మొలిసినాక సూస్తే ఆడాడ సందులు ఉండె. మళ్లా గింజ పెట్టినా."

"అప్పుటికి పదును ఆరిపోయింటాదే?"

"బోరింగు కాడ్నుంచి నీళ్లు తెచ్చి పోసినా."

ఊరి బోరింగు అక్కడికి మైలు దూరం. బిందె నెత్తిన పెట్టుకుని మగవాడు ఊరి నడిమి నుంచి నడిచి ఉంటాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఎవురూ నవ్వలేదా?"

"నవ్వినారు," అన్నాడు సూట్‌కేసు అందుకుంటూ. "రొండో దినం ఎదురింటామె గూడా ఒగ బిందె ఎత్తుకోని వచ్చె."