ఉప్పు చేప నెత్తిన కామా

కంప్యూటర్ అన్న మాటకి మా విజయనగరంలో ఇంకా ఎవరికీ నోరు తిరగని రోజులవి. అరవైల చివర్లో విశాఖపట్నంలో ఒక ఎగుమతుల కంపెనీ నన్ను కంప్యూటర్ పనికి తీసుకుంటే, మా వీధిలో వాళ్లు అది రేడియోలు బాగుచేసే పనేమో అనుకున్నారు. నేనూ గట్టిగా కాదనలేదు (మొదటి నెలంతా అదేమిటో నాకూ సరిగ్గా తెలియదు). గదంత యంత్రం, దాని పక్కన బీరువా అంత అచ్చుయంత్రం. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి, జేబులో రెండు పెన్నులతో ఆ గది తలుపు తోసేటప్పుడు దేశం నా మీదే ఆధారపడి ఉందన్నంత ధీమాగా ఉండేది.

ఆ ధీమాతోనే నా మొదటి సొంత పని చేశాను. కళింగపట్నం దగ్గర ఒక పెద్దావిడ పదిమంది ఆడవాళ్లని పెట్టుకుని, చేపలకి ఉప్పు పట్టించి ఎండబెట్టి మా కంపెనీకి పంపేది. ఆఫీసులో అందరూ ఆవిడని చేపలత్త అనేవారు. ఆ చేపలు ఓడెక్కి, ఫ్రెంచి మాట్లాడే ఒక దీవికి వెళ్లేవి. బస్తా బస్తాకీ నంబరూ, బరువూ, సరుకు పేరూ, కొనే వ్యాపారి పేరూ ఉన్న చీటీ కుట్టాలి. ఆ చీటీలు యంత్రం మీద అచ్చయ్యేలా ప్రోగ్రాం రాసింది నేను. సరుకు పేరు ఎలా ఉండాలో దీవిలోని వ్యాపారి చేత్తో రాసి పంపాడు: POISSON SALÉ. చివరి అక్షరం మీదున్న చిన్న గీతని చూసి, పాపం పెన్ను కక్కిందేమో అనుకుని వదిలేశాను.

రెండు నెలలకి దీవి నుంచి ఫ్రెంచిలో పెద్ద ఉత్తరం వచ్చింది. మా మేనేజరు గారిని చాటుగా అందరం సంతకం గారు అనేవాళ్లం (ఆయన సంతకం లేనిదే గుండుసూది కూడా కదిలేది కాదు). ఆయన నన్ను పిలిచి, "మీ బాబాయిది యానాం కదా. సదివించి తెత్తావేటి?" అన్నారు. మా పిన్నిని చేసుకుని విజయనగరంలో స్థిరపడిన బాబాయి చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదువుకున్నాడు. ఉత్తరం చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"ఒరేయ్, పువాసన్ అంటే చేప. సాలే అంటే ఉప్పు వేసినది. దానికి చివరి E నెత్తిన గీత ఉండాలి. గీత తీసేస్తే సాల్. అంటే మురికిది. బస్తా బస్తాకీ మురికి చేప అని చీటీ కుట్టి పంపార్రా మీరు."

లోపల పిన్ని నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు నవ్వు రాలేదు. రేవులో సరుకు పక్కన పడేశారట. మళ్లీ ఇలాగే వస్తే ఇక మీ చేపలు మాకొద్దు అని రాశాడా వ్యాపారి. ఈ కబురు చేపలత్తకి ఎలా తెలిసిందో, మూడో రోజుకి ఆఫీసులో ఉంది.

"నాను ఆ దీవి సూడనేదు బాబూ. ఇసకంటకుండా పందిరేసి ఎండేత్తాను నా సేపని. దాన్ని మురికంటే ఊరుకుంతానేటి? రాసింది ఎవులు?"

సంతకం గారు నన్ను చూపించారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నోడివి. దిద్దు" అంది. తిట్టినా బాగుండేది.

దిద్దడం ఎలా? ఆ అచ్చుయంత్రంలో ఇంగ్లీషు పెద్దక్షరాలూ, అంకెలూ, నాలుగైదు గుర్తులూ తప్ప ఏమీ లేవు. గీతలున్న అక్షరాలు విదేశం నుంచి రావడానికి ఏడాది పడుతుందన్నారు. ఓడేమో తొమ్మిది రోజుల్లో బయల్దేరుతుంది. పెన్నుతో గీద్దామంటే, "సముద్రం తేమకి సిరా నిలుత్తాదేటయ్యా?" అన్నారు సంతకం గారు.

భోజనాల వేళ యంత్రం ఖాళీగా ఉండే గంట నాకిచ్చారు. ముందు కాగితం కదలకుండా ఆపి, అచ్చయిన E మీదే అపాస్ట్రఫీ కొట్టించాను. అది అక్షరంలో దిగబడి మరక మిగిలింది. అదే గుర్తుని పై వరసలో వేయిస్తే గాలికెగిరిన గొడుగులా ఎక్కడో వేలాడింది. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు పాడైన కాగితాలు పోగేస్తుంటే ఒక చిరునామా కంటబడింది. పై వరసలో ఊరి పేరు తర్వాత కామా, సరిగ్గా దాని కింద వరసలో E. కామా ఎప్పుడూ వరస అడుగునే కదా ఉంటుంది. దాని తోక కింది E నెత్తిని తాకబోతున్నట్టుంది. ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వరసలు దగ్గరగా వచ్చేట్టు యంత్రాన్ని మార్చి, పై వరసలో ఒక్క కామా తప్ప అంతా ఖాళీ వదిలి, మీట నొక్కాను. గడగడమని చీటీ బయటికొచ్చింది. E నెత్తిన గీత ఉంది. అదే ఊపులో, వ్యాపారి పేరులో C కింద ఉండాల్సిన తోకని కూడా (అదీ నేను మింగేసిందే) కాగితం కదపకుండా ఇంకో కామా కొట్టించి తగిలించేశాను.

సంతకం గారు చీటీని కంటికి ఆనించుకుని, "ఏటిది, కొత్తక్షరమా?" అన్నారు.

"కామానండి."

"కామాయా?" అని ఇంకోసారి చూసి, ఎవరూ అడక్కుండానే దాని మీద సంతకం పెట్టేశారు. బాబాయి అయితే ఆ రాత్రి ఇంట్లో చీటీని దీపానికెత్తి చూసి, "మా పంతులు కూడా ఇంత శుభ్రంగా పెట్టేవాడు కాదురా" అన్నాడు.

ఓడ వెళ్లింది. ఈసారి దీవి నుంచి వచ్చిన ఉత్తరం చిన్నది. చేపలన్నీ అమ్ముడుపోయాయి, వచ్చే విడత రెండింతలు పంపండి అని. అది చదవడానికి బాబాయిని ఆఫీసుకి పిలిపించి, సంతకం గారు తన కుర్చీలో కూర్చోబెట్టారు. చేపలత్త గుమ్మంలో నిలబడి అంతా విని, "అయితే మురికి పోనాదా?" అంది.

"పోయింది అత్తా."

"మరదీ" అని, నా చేతిలో ఇంత ఎండుచేపల పొట్లం పెట్టి వెళ్లిపోయింది.

బాబాయి విశాఖపట్నంలో స్నేహితుడింట్లో ఆగిపోవడంతో, ఆ సాయంత్రం నేనొక్కణ్నే రైలెక్కాను. ఆ పొట్లం పుణ్యమా అని బల్లంతా ఖాళీ అయింది. ఎదురుగా ఒకాయన మాత్రం కదల్లేదు. ఆయనకి, అడక్కుండానే, కామా కథ మొదటి నుంచీ చెప్పాను. కాగితం తీసి బొమ్మలు కూడా గీశాను. విజయనగరంలో దిగాక తెలిసింది, ఆయన దిగాల్సింది అంతకు ముందు స్టేషను కోరుకొండలో.

"అయ్యో, చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"అంత సంబరంగా సెప్తన్నారు, మధ్యలో ఎలా లేత్తానండి" అని, తిరుగు బండి ఎప్పుడో కనుక్కోడానికి వెళ్లాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, చాలా పెద్ద ప్రోగ్రాములే రాశాను. వాటి గురించి చెప్పి ఎవరినీ స్టేషను దాటించలేదు.