విషం కలిపే తాతయ్య

పోయిన ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి బయటికి వస్తుంటే కబురు తెలిసింది. మా పక్కింటి తాతయ్య పోయారు. అమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగిపోయింది. "ఎప్పుడంట?" అని మాత్రం అడిగింది.

ఆయన మాకు చుట్టం కాదు. గన్నవరానికి దగ్గరలో మాది మామిడితోటల ఊరు. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక ముళ్లకంచె ఉంది. నేను ఆయన్ని తాతయ్యా అని పిలిచేదాన్ని. అమ్మ ఒకప్పుడు బాబాయిగారూ అని పిలిచేదట. ఆ ఒకప్పటి సంగతి దాచి ఆయన గురించి రాస్తే అది అబద్ధమే అవుతుంది. రాయనా అని అమ్మను అడిగాను. "ఉన్నది ఉన్నట్టు రాయి" అంది.

నాకొక అన్నయ్య ఉండేవాడు. నేను పుట్టకముందే పోయాడు. అప్పట్లో మామిడి పూతకు కొట్టే ఎండ్రిన్ అనే పురుగుమందు మా ఊరికి కొత్త. దాన్ని కొలవడానికి తాతయ్య ఇంట్లో చిన్న కొలత లేక, మేము నూనె కొలుచుకునే ఇత్తడి గిద్ద అడిగి పట్టుకెళ్లారు. ఎందుకో ఆయన చెప్పలేదు, అమ్మా అడగలేదు. ఇరుగుపొరుగు మధ్య అలా అడిగితే బాగుండదు. పని అయ్యాక గిద్దను కాలవలో తొలిచి, కండువాతో తుడిచారు. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా వైపు పట్టింపు. అందుకని అందులో గుప్పెడు వేయించిన శనగలు, చిన్న బెల్లంముక్క వేసి, గుమ్మంలో ఆడుకుంటున్న అన్నయ్య చేతికే ఇచ్చి వెళ్లారు. వాడు శనగలు తిని, అడుగున అంటుకున్న బెల్లం నాకాడు. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, బస్సులో, అమ్మ ఒళ్లో పోయాడు.

నాన్న ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. అమ్మ మాత్రం ఆయనతో మాట్లాడడం మానేసింది.

తాతయ్య ఇక పురుగుమందు జోలికి పోరని అందరూ అనుకున్నారట. ఆయన అలా చేయలేదు. "నేను మానితే నేనొక్కణ్ణే మానినట్టు. ఊరు మానదుగా" అన్నారట. ఆ ఏటి నుంచి ఎవరి తోటకు మందు కొట్టాలన్నా తానే వెళ్లి కొలిచి, తానే కలిపి ఇచ్చేవారు. వేరే చెయ్యి డబ్బా మీద పడనిచ్చేవారు కాదు. పూత కాలంలో ఆయనకు సొంత తోట చూసుకునే తీరికే ఉండేది కాదు.

నేను బెజవాడలో ఇంటర్మీడియట్‌లో చేరిన ఏడు, ఆయన ఒక పొద్దున కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ పిల్ల ఇంగ్లీషు చదువుతోందిగా. కొత్తరకం డబ్బా వచ్చింది. దాని మీద ఏం రాశాడో చదివి చెబుద్దేమోనని..."

అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. నాతో అంది: "వెళ్లు. చదివిపెట్టి రా. దేన్నీ ముట్టుకోకు."

చదివాను. ఈ సరుకు పాతదానికంటే రెండింతలు ఘాటు. డబ్బా మూతతో కొలిచి పోసే అలవాటున్న రైతులు ఆయన లేనప్పుడు ఎప్పటిలాగే పోసి ఉంటే ఏమై ఉండేదో! తాతయ్య కాసేపు ఆ అక్షరాల వంకే చూశారు. "మూత లెక్క వద్దని అందుకే మొత్తుకునేది. మూత మారుద్ది, మందూ మారుద్ది. వీళ్ల చెయ్యి మాత్రం మారదు" అన్నారు.

డబ్బాకు తెలుగులో చీటీ రాసి అంటించమన్నారు. అప్పుడప్పుడే మాటల మీద మోజు పుట్టిన రోజులు నావి. ముత్యాల్లాంటి అక్షరాలతో "ప్రాణాంతకమైన క్రిమిసంహారక ద్రవము" అని రాసి ఇచ్చాను.

"ఇదంతా కూడబలుక్కునే లోపు తాగేస్తారే, అమ్మడూ! విషం అని రాయి. పెద్దగా రాయి."

"చదువు రానివాళ్లకో, తాతయ్యా?"

"బొమ్మ వెయ్యి."

పుర్రె వేశాను. ఆయన చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు. "ఇదేందే, గుమ్మడికాయా? పులుసు పెట్టుకుంటారు" అన్నారు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

ఒక మాటను ఎందుకు చిన్నదిగా, సూటిగా రాయాలో నాకు ముందుగా నేర్పింది ఆ చీటీ. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా, కొట్టేసిన పెద్ద మాటల దగ్గర ఆయనే గుర్తొస్తున్నారు.

ఆ తర్వాత సెలవుల్లో ఆయన పని చూడడానికి వెళ్లేదాన్ని, దూరంగా కూర్చునే షరతు మీద. బావికి, పశువుల తొట్టికి ఎడంగా డ్రమ్ము పెట్టించేవారు. గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి వీపు పెట్టి నిలబడేవారు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు తడి కండువా. డ్రమ్ములో సగం నీళ్లు పోశాకే మందు, ఆపైన మిగతా నీళ్లు. డబ్బాలోంచి తోడడానికి పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి ఆటోనగర్ వర్క్‌షాపులో చేయించుకున్నారు. దానితో తోడి, గీతలున్న గాజు కొలజాడీలో పోసేవారు. జాడీని చదునైన బండ మీద పెట్టి, తాను మోకాళ్ల మీద వంగి, కన్ను గీతకు సమానంగా తెచ్చుకుని చూసేవారు. పైనుంచి చూస్తే కొలత తప్పుతుందట. మా లాబ్‌లో కూడా అలాగే చూస్తామని చెబితే, చాలా పెద్ద ఊరట దొరికినట్టు తల ఊపారు. జాడీ కడిగిన నీళ్లు కూడా డ్రమ్ములోకే వెళ్లేవి, ఒక్క చుక్క నేల మీద పడకుండా.

ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పేవారు కాదు. నేను ఒకసారి ఏదో అడగబోతే, పని ముగిశాక అన్నారు: "మాట్లాడాలనుంటే డబ్బా కింద పెట్టాలి. డబ్బా చేతిలో ఉంటే నోరు కట్టెయ్యాలి."

ఖాళీ డబ్బాల్ని గునపంతో పొడిచి పాతిపెట్టేవారు. ఒకరోజు కూలికి వచ్చిన ఆమె అడ్డుపడింది. "అయ్యో, బంగారంలాంటి డబ్బా! ఇటివ్వండి, కిరసనాయిలు పోసుకుంటా."

"నీకు వేరేది కొనిపెడతా. ఇది అడగమాక."

"పనికిరాని డబ్బాకి కూడా పిసినారితనమేనా, పెద్దాయనా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన డబ్బాలో ఇంకో చిల్లు పొడిచారు.

పోయిన ఏడు పూతకు ఆయన చేతులు వణకడం మొదలైంది. అన్నేళ్లు ఆ ఘాటులో ఉండడం వల్లనో, వయసు వల్లనో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. బండ ముందు వంగి చాలాసేపు చూసి, నన్ను పిలిచారు.

"అమ్మడూ, కదులుతోంది గరిటా, నా కళ్లా?"

"మీ చెయ్యి, తాతయ్యా."

ఆయన డబ్బా మూత బిగించి నేల మీద కూలబడ్డారు. "నేను పోతే వీళ్లు మళ్లీ మూతతో పోసుకుంటారు. మళ్లీ ఎవరింటికో వెళ్లి గిన్నె అడుగుతారు" అన్నారు.

నేను నేర్చుకుంటానన్నాను.

"నువ్వొద్దు. మీ అమ్మకి నేను ఇంకో బిడ్డని కూడా..." ఆ మాట పూర్తి చేయలేకపోయారు. కండువాలో ముఖం దాచుకున్నారు.

ఇదంతా అమ్మకు చెప్పాను. విన్నది. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మొన్న ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు కూడా కంచె ఇవతలే నిలబడి చూసింది. ఏడవలేదు.

ఈ గురువారం పడమటి తోటకు మందు కొట్టాలని కుర్రాళ్లు డ్రమ్ము దించారు. పూతంతా తేనెమంచు పురుగు పట్టి జిగటగా కారుతోంది, ఆగే వీలు లేదు. వాళ్లలో ఒకడు డబ్బా తెరిచి మూత చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ పిల్లలు, కాస్త ఎడంగా నేను.

"దాన్ని కింద పెట్టు."

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ. ఆ తోటవైపు అమ్మ రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మీకెందుకండీ ఈ పని? మేం చూసుకుంటాంగా" అన్నాడు వాడు.

"దీని సంగతి ఈ ఊళ్లో నాకంటే ఎవరికి తెలుసురా?"

వాడు మూత కింద పెట్టాడు. అమ్మ పిల్లల్ని గట్టు అవతలికి తోలింది. తాతయ్య ఇంటి నుంచి సామాను తెప్పించి, తొడుగులు వేసుకుంది. నన్ను దూరంగా నిలబెట్టి, "ఆయన ఎలా చేసేవారో ఒక్కొక్కటే చెప్పు" అంది. చెప్పాను. బండ ముందు మోకాళ్ల మీద వంగింది. కొలిచి, లేచి, డ్రమ్ములోకి వంచింది.

తేనెరంగు మందు నీళ్లలో పడీ పడగానే విచ్చుకుని, డ్రమ్మంతా పాలలా తెల్లబడింది. అచ్చం పాలే. అమ్మ కదలకుండా ఆ తెలుపు వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి కొంగు ముక్కు మీదికి బిగించి కట్టుకుని, పొడుగు కర్ర అందుకుని, మెల్లగా, చుక్క చిందకుండా కలపడం మొదలుపెట్టింది.