బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒకాయన బెంచీ బెంచీకి తిరిగి, చివరికి నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయేమో. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పెద్దసారూ, ఐదు వందలు మీ ఫోన్‌కు కొడ్త, నోట్లిస్తరా? ఊర్ల మా అమ్మ పోయింది. పాడె ముంగట డప్పు కొట్టేటోళ్లకు చేతిల పెట్టాలె. ఆడ ఫోన్ తీసుడు బాగుండది. ఈడ ఏటీఎంల సుత పైసల్లేవు."

నా పక్కన కూర్చున్నావిడ గొంతు తగ్గించకుండానే అంది: "ఇయ్యకుండ్రి సార్, గిట్లనే ముంచుతున్నరు."

"ముంచేటోని మొఖమా అక్కా ఇది? పొద్దుగాల్ల సంది నీళ్లు సుత ముట్టలే," అన్నాడతను, కోపం లేకుండా.

ముందు తనే డబ్బు పంపి స్క్రీన్ చూపించాడు. అలా చూపించే స్క్రీన్లను నమ్మవద్దని పేపర్లో చదివి డైరీలో రాసుకున్నవాణ్ని నేను. జాగ్రత్త పడీ పడీ అలసిన వయసు. బ్యాంకు మెసేజ్ వచ్చాకే ఇస్తానన్నాను. వంద నోట్లు ఐదు మాత్రం తీసి చేతిలో పట్టుకున్నాను. ఇద్దరం నా ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాం.

ఇంతలో అతని రైలు బయలుదేరుతోందని మైకులో చెప్పారు.

"నా కోసమే పాడె లేపకుండ ఆపిన్రు సార్. పోతున్న," అంటూ పరుగెత్తాడు.

రైలు వెళ్లిపోయాక మెసేజ్ వచ్చింది. అతని డబ్బు అతని ఫోన్‌కే తిప్పి పంపాను. పాడె ముందు అది అక్కరకు రాదని తెలిసే పంపాను.