తెల్లబొమ్మ నుదుట బొట్టు

పని కోసం వచ్చిన ఈ ఎడారి దేశంలో, బౌషర్‌లోని ఒక విల్లా హాలులో నిలబడ్డ తెల్లటి రోమన్ స్త్రీ బొమ్మను పోతపోసింది నేను. ఆ మాట ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు.

విల్లా యజమాని దగ్గర ఒక పెద్ద చిత్రాల పుస్తకం ఉండేది. విక్టోరియా రాణి కాలంలో గ్రీకు, రోమన్ శిల్పాల మీద మోజుపడ్డ ఇంగ్లీషు చిత్రకారులు వేసినవి. పాలరాతి మెట్లు, నీలి సముద్రం, తీరిగ్గా కూర్చున్న స్త్రీలు. లండన్ పొగమంచులో వాళ్లు కన్న కలను ఈ ఎండలో మేము ప్లాస్టరుతో పోయాలి. "ఒక్క మచ్చ కనిపించినా నిన్ను ఎక్కడో దూరాన షినాస్‌కి ఇటుకల పనికి పంపిస్తా" అని ఇంజినీరు ముందే చెప్పాడు. నాకు అచ్చుల పని తప్ప మరొకటి చేతకాదు.

బొమ్మ ఆరిన మరునాడే దసరా. సైట్‌లో పనిముట్లకు బొట్లు పెట్టుకున్నాం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా మేస్త్రీ బొమ్మ దగ్గర ఆగాడు.

"వద్దన్నా, ప్లాస్టరు పీల్చుకుంటది" అన్నాను.

"అరేయ్, పండుగ పూట ఆడమనిషి ఉత్త నొసటితోని ఉంటదారా? రేపు తుడుద్దువు తియ్."

నూనెలో తడిపిన కుంకుమను వేలితో అద్దాడు.

మరునాడు తడిగుడ్డతో రుద్దితే ఎరుపు కనుబొమల దాకా పాకింది. గరుకు కాగితంతో గీకితే నుదురు గుంత పడింది, ఎరుపు మాత్రం ఇంకా లోపలే ఉంది. మళ్లీ పోయడానికి అచ్చు లేదు. బొమ్మను తీసేటప్పుడే పగలగొట్టాం.

"ఎవరు పెట్టారయ్యా ఇది?" అన్నాడు ఇంజినీరు.

"వీనికి జర భక్తెక్కువ సార్" అన్నాడు మేస్త్రీ.

"నేను కాదు సార్, అన్ననే పెట్టిండు."

"పెద్దాయన మీద వేస్తావేంటయ్యా, సిగ్గులేదూ?"

ఆ పుస్తకంలోని స్త్రీల తలల మీద ఆకుల దండలు ఉండటం గుర్తొచ్చింది. అన్నం మానేసి ప్లాస్టరుతో అలాంటిదే చేసి, మచ్చ కప్పేలా నుదుటి మీదికి దించి అతికించాను. యజమాని చూసి మురిసిపోయాడు. ఇంజినీరు మేస్త్రీ భుజం తట్టాడు. నన్ను షినాస్ బండి ఎక్కించాడు.

ఆ విక్టోరియా రాణి రోజుల్లోనే లండన్‌లో ఒక శిల్పి, పాతకాలపు గ్రీకుల్లాగా తన తెల్లబొమ్మకు లేత రంగు వేస్తే జనం మండిపడ్డారట. తర్వాత ఫోన్‌లో చదివాను. ఆయన చేసినదానికే ఆయన మాటలు పడ్డాడు. నేను చేయనిదానికి పడ్డాను.

ఇక్కడ షినాస్‌లో రోజంతా ఒకటే అచ్చు, ఇటుక. దానికి ముఖం ఉండదు. సెలవు దొరికినప్పుడల్లా అల్ ఖువైర్‌లోని కంపెనీ ఆఫీసుకు వెళ్లి, పాత పని ఇప్పించమని బతిమాలుతున్నాను. మేస్త్రీ ఒక మాట చెబితే చూద్దామంటారు.

మేస్త్రీ నా ఫోన్ ఎత్తడు.